వదిన మెడలో పూస

"ఈ సంచీ పట్టుకుని నేను విమానం ఎక్కనంటే ఎక్కను," అంది కాత్యాయని.

"ఎక్కకపోతే మానెయ్. ఆవకాయ సీసా మాత్రం అందులోనే వెళ్తుంది," అంది భ్రమరాంబ, సంచీ మూతికి ముడి మీద ముడి వేస్తూ.

పసుపుపచ్చ గుడ్డ సంచీ అది. ఒకవైపు అమ్మవారి బొమ్మ, దాని కింద 'శ్రీ నూకాలమ్మ వస్త్రనిలయం, మెయిన్ రోడ్డు, కాకినాడ' అని ఎర్రటి అక్షరాలు, ఆ కింద కనపడలేదనడానికి వీల్లేనంత పెద్దగా ఫోను నంబరు. పదేళ్లుగా కాత్యాయని లేబొరేటరీకి అన్నం కేరేజీ పట్టుకెళ్లేది అలాంటి సంచీలోనే. కాకినాడలో చెల్లుతుంది గానీ, జార్జియా దేశంలో శాస్త్రవేత్తల సభకి వెళ్లే మనిషి భుజాన ఈ సంచీ ఏమిటని ఆవిడ బాధ. భ్రమరాంబ వింటేనా! ఆవిడ కోడలై ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాడు ఆడపడుచుకి పదమూడేళ్లు. ఇప్పుడు నలభై రెండు. ఇన్నేళ్లలో వదిన మాట మీద కాత్యాయని గెలిచిన రోజు ఒక్కటీ లేదు. పెళ్లి చేసుకోనని గెలిచింది కదా అంటారేమో, అది కూడా వదిన అన్నయ్యని కూర్చోబెట్టి ఒప్పిస్తేనే అయింది.

ఆ పొద్దున సంచీ కంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. కాత్యాయని చిన్న డబ్బా తెరిచి, దారానికి కట్టిన నల్లటి పూసని వదిన అరచేతిలో పెట్టింది. మిరియపు గింజంత ఉంది.

"ఇదేనా మీ గొప్ప యంత్రం? దిష్టితాడులా ఉందేమిటే!"

"తాడు సంగతి వదిలెయ్. నాలుగు గంటలు ఒంటి మీద ఉంచుకో, రెండు గంటలు తీసి డబ్బాలో పెట్టు. పడుకునేటప్పుడు అసలు వద్దు. రోజూ మూడుసార్లు థర్మామీటరు పెట్టుకుని, ఆ అంకె ఫొటో తీసి నాకు పంపాలి. సరేనా?"

"ఈ దారం మాత్రం నా మెళ్లో బాగోదు."

బయట ఆటోవాడు హారను మోగిస్తున్నాడు. "నీకెలా బాగుంటే అలా వేసుకో వదినా, ఒంటికి తగిలితే చాలు," అనేసి కాత్యాయని సంచీతో సహా ఆటో ఎక్కేసింది. ఆ ఒక్క ముక్కా అనకుండా ఉంటే ఎంత బాగుండేదో తర్వాత ఆవిడకి తెలిసొచ్చింది.

ఆ పూస కథ మూడేళ్ల కిందట ఒక మజ్జిగ గ్లాసులో మొదలైంది. కాకినాడ బీచి రోడ్డులో కాత్యాయని పనిచేసే లేబొరేటరీలో, ఒకే స్ఫటికాన్ని రెండుగా కోసి జంటపూసలు తయారుచేస్తున్న రోజులవి. ఎందుకు పనికొస్తాయో ఎవరికీ తెలీదు. ఒక మధ్యాహ్నం ఆ జంటలో ఒక పూస జారి, పెద్దాయన ధర్మతేజ గారి చల్లటి మజ్జిగ గ్లాసులో పడింది. రెండోది పక్కగదిలో కాత్యాయని గుప్పిట్లో ఉంది. ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి చల్లబడింది. ఇవతల ధర్మతేజ గారు మజ్జిగ ఒక గుక్క తాగి, "ఇదేంటండీ, ఎవరో కాచినట్టు గోరువెచ్చగా ఉంది!" అని గ్లాసు కింద పెట్టారు. రెండు పూసలూ ఎప్పుడూ ఒకే వేడిలో ఉండాలని చూస్తాయి. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉంటే, వెచ్చని దాని వేడి చల్లని దానికి వెళ్లిపోతుంది. మధ్యలో గోడ ఉన్నా, విశాఖపట్నం ఉన్నా, ఢిల్లీ ఉన్నా తేడా లేదు.

కాలవ పారుతుంటే పడవ నడిచినట్టు, ఆ పారే వేడి మీద కబురు కూడా పంపవచ్చని కనిపెట్టింది కాత్యాయని. ఇంకేముంది! విదేశంలో దిగగానే ఫోను మూగబోవడం, విమానాశ్రయంలో కొత్త సిమ్ము కోసం వరసలో నిలబడటం, హోటల్లో వైఫై పాస్‌వర్డు కోసం బతిమాలుకోవడం, ఇవేవీ ఉండవు. ఒక పూస ప్రయాణికుడి ఫోనులో చిన్న చల్లపెట్టె మధ్య ఉంటుంది. రెండోది ఇంట్లో మనిషి ఒంటి మీద ఉంటుంది. ఇంటి వైఫై డబ్బా పక్కన ఒక చిన్న పెట్టె పెడితే, భూమి అవతలి వైపునైనా ఇంట్లో కూర్చున్నట్టే ఫోను పనిచేస్తుంది.

ఒక్కటే చిక్కు. ఇంటి దగ్గరి పూసని ఏ యంత్రంలో వెచ్చగా పెట్టినా పలకలేదు. నాడి కొట్టే ఒంటికి తగిలితేనే మేలుకుంటుంది. నాలుగు గంటలు పెట్టుకున్న వాళ్ల ఒళ్లు అర డిగ్రీ చల్లబడేది, తీసేస్తే రెండు గంటల్లో సర్దుకునేది. అందుకే ఆ నాలుగు గంటలు, రెండు గంటల లెక్క. అందరి కంటే నిలకడగా పలికింది భ్రమరాంబ ఒంటి మీద. "మా వదిన చేతులు పుట్టినప్పటి నుంచీ వెచ్చనే," అని కాత్యాయని లేబొరేటరీలో గొప్పలు కూడా పోయింది.

జార్జియాలో మొదటి ఆరు రోజులూ అద్భుతంగా గడిచాయి. రాజధాని త్బిలిసిలో విమానం దిగగానే తోటి శాస్త్రవేత్తలంతా సిమ్ముల కొట్టు ముందు బారులు తీరితే, కాత్యాయని పసుపు సంచీ ఊపుకుంటూ దర్జాగా వాళ్లని దాటి వెళ్లిపోయింది. దారి చూపించినా, బోర్డులు చదివి చెప్పినా, టాక్సీవాడితో మాట్లాడిపెట్టినా అంతా ఆ ఫోనే. కాకపోతే దాని వీపు కాస్త వేడెక్కేది. చల్లపెట్టె బయటికి నెట్టే వేడి అది, ఉండాల్సిందే అనుకుంది. వదిన దగ్గర నుంచి రోజుకి మూడు ఫొటోలు తప్పకుండా వచ్చేవి. ముప్పై ఏడు, ముప్పై ఆరున్నర, ముప్పై ఏడు. ఇంత చక్కటి అంకెలు తమ లేబొరేటరీలోనే ఎప్పుడూ రాలేదు.

ఏడో రోజు పొద్దున ధర్మతేజ గారి కబురు వచ్చింది. "టవర్లు సరిగా అందని చోటికి వెళ్లండమ్మా. ఇవాళ ఫోనుని నిండా వాడి చూడండి." సభ అయిపోయింది కనుక కాత్యాయని ఉత్తరాన మంచుకొండల కింద ఉన్న చిన్న ఊరికి బస్సెక్కింది. దారి పొడుగునా వీడియోలు తీసి పంపుతూనే ఉంది. ఊరు చేరేసరికి పదకొండైంది. మే నెల అన్నమాటే గానీ చలి వేళ్లు కొరుకుతోంది. సందు మలుపులో ఒక రొట్టెల కొట్టు కనిపించింది. లోపల నేలలోంచి పైకి లేచిన పెద్ద మట్టి పొయ్యి. తలగుడ్డ కట్టుకుని బొద్దుగా ఉన్న ఒకావిడ నడుం దాకా అందులోకి వంగి, పిండి ముద్దని సాగదీసి పొయ్యి గోడకి చరుస్తోంది. ఆ రొట్టెని ఇక్కడి వాళ్లు పూరీ అంటారని ఫోను చెప్పింది. వదినకి ఇది చూపించకపోతే ఎలా!

కాత్యాయని గడప పక్కన నిలబడి వీడియో కాల్ చేసింది. కాకినాడలో అప్పుడు పన్నెండున్నర.

"చూడు వదినా, వీళ్ల పూరీ! మూరెడు పొడుగుంది!"

"అబ్బో... నూనె... లేకుండానేనా?" అంది భ్రమరాంబ. మాట సాగుతోంది.

"ఏంటలా ఉన్నావు? ఆ శాలువా ఏంటి? అన్నయ్య కాశీలో కొన్నది కదూ?"

"ఏం లేదే. కాస్త... చలిగా అనిపించి. పైన... ఫ్యాను తిరుగుతోంది గదా."

మే నెల మిట్టమధ్యాహ్నం కాకినాడలో ఉన్ని శాలువా! కాత్యాయనికి నవ్వు రాబోయి ఆగిపోయింది. వదిన పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంతలో శాలువా భుజం మీది నుంచి జారింది. మెడలో నల్లపూసల గొలుసు. మామూలు నల్లపూసల మధ్య, ఒకటి మాత్రం తళుక్కుమంటూ ఉంది.

ఒక్కసారిగా కాత్యాయనికి సంగతి అర్థమైంది. దారం బాగోలేదని వదిన ఆ పూసని తీసుకెళ్లి నల్లపూసల్లో గుచ్చేసుకుంది. ఈ ఇంటికి వచ్చాక భ్రమరాంబ మెడలోంచి నల్లపూసలు తీసిన పూట లేదు. స్నానానికి తియ్యదు, నిద్రకి తియ్యదు. ఆపరేషనప్పుడు కూడా నర్సుతో పోట్లాడి ప్లాస్టరు అంటించుకుంది గానీ తియ్యనివ్వలేదు. అంటే వారం రోజులుగా ఆ పూస ఒక్క గంట కూడా వదిన ఒంటిని వదల్లేదు!

"వదినా! ఆ పూస... ముందు ఆ పూస..."

ఫోను చేతిలోనే ఠక్కున ఆరిపోయింది. పొద్దుటి నుంచి ఎడతెరిపి లేకుండా వాడటంతో వేడెక్కి, పెనంలా కాలుతోంది. మీట ఎంత నొక్కినా వెలగలేదు.

కాత్యాయని ఫోను వెనక మూత ఊడదీసి, తన వైపు పూసని బయటికి తీసింది. ఐసు ముక్కలా ఉంది. ఫోను ఆగినంత మాత్రాన పని ఆగదని ఆవిడకి తెలుసు. ఇక్కడి చలిగాలిలో ఈ పూస ఉన్నంతసేపూ అక్కడ వదిన ఒంట్లో వేడిని తోడుతూనే ఉంటుంది. అక్కడి పూస ఒంటి మీది నుంచి కదలాలి, లేదా ఈ పూస వెచ్చబడాలి.

గుప్పిట బిగించింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. చలి మణికట్టు దాటి మోచేతికి పాకింది. తన ఒంటికి ఇంత చల్లగా తగులుతోందంటే, అవతల వదిన ఒళ్లు ఎంత చల్లబడి ఉండాలి! వారం రోజులుగా తాను దారులు చూసుకున్నది, బోర్డులు చదివించుకున్నది, మంచుకొండలకి వీడియోలు తీసింది వదిన ఒంటి వేడితో. ఫోను వీపు వెచ్చగా తగిలినప్పుడల్లా తన చేతికి తగిలింది వదినే. కాత్యాయని అక్కడే గడప మీద కూలబడి బావురుమంది.

రొట్టెలావిడ పొయ్యిలోంచి తల ఎత్తి చూసింది. గబగబా వచ్చి తన భాషలో ఏదో అడిగింది. కాత్యాయని తెలుగులో ఏదో చెప్పింది. ఒకరి ముక్క ఒకరికి అర్థం కాలేదు. ఆవిడకి తెలిసిందల్లా ఎవరో పరదేశం మనిషి చలికి గజగజా వణికిపోతోందని. వెంటనే ఇనుప కొంకితో పొయ్యిలోంచి ఒక రొట్టె లాగి, గుడ్డలో చుట్టి కాత్యాయని చేతుల్లో పెట్టింది.

ఆ వేడి తగలగానే కాత్యాయనికి ప్రాణం లేచొచ్చినట్టయింది. మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది. వేడి ఎటు ఎక్కువుంటే అటు నుంచి ఇటు పారుతుంది. ఇన్నాళ్లూ అక్కడి నుంచి ఇక్కడికి పారింది, ఇప్పుడు ఇక్కడి నుంచి అక్కడికి ఎందుకు పారకూడదు? రొట్టెని చీల్చి పూసని మధ్యలో పెట్టి మూసింది. పొయ్యిలోనే పడేస్తే? వద్దు, వదిన మెడ బొబ్బలెక్కిపోతుంది. రొట్టె వేడి చాలు.

రెండు నిమిషాల్లో రొట్టె చల్లారిపోయింది. పొగలు కక్కే రొట్టె కాస్తా నిన్నటి రొట్టెలా గట్టిపడింది. కాత్యాయని చెయ్యి చాచి, ఇంకొకటి ఇమ్మన్నట్టు చూసింది. రొట్టెలావిడ చల్లబడ్డ రొట్టెని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, ముక్కున వేలేసుకుంది. ఇంకొకటి ఇచ్చింది. అదీ అంతే. మూడోది ఇస్తూ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాత మాత్రం ఏమీ అడగలేదు. ఒకటి చల్లారేసరికి ఇంకొకటి సిద్ధంగా పట్టుకుని నిలబడింది.

కానీ ఎంతసేపని? పొయ్యిలో రొట్టెలు అయిపోతే? ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి ఆ పూసని తియ్యాలి. కాత్యాయని చెవి దగ్గర చెయ్యి పెట్టి ఫోను కావాలని సైగ చేసింది. ఆవిడ మారు మాట లేకుండా తన ఫోను ఇచ్చేసింది. తీరా ఫోను చేతిలోకి వచ్చాక తెలిసింది, తనకి ఒక్కరి నంబరు కూడా గుర్తులేదని. అన్నయ్య సోమేశ్వర్రావు పోర్టులో టగ్గుబోటు నడుపుతాడు. ఆయన నంబరు ఎంతో తెలీదు, 'అన్నయ్య' అని తెలుసు. ధర్మతేజ గారి నంబరు తెలీదు, 'పెద్దాయన' అని తెలుసు. అందరూ ఆ చచ్చిన ఫోనులోనే ఉన్నారు. మెయిల్ తెరవబోతే, మీ ఫోనుకి ఓటీపీ పంపాం, అది కొట్టండి అంది. ఏ ఫోనుకి? కాత్యాయనికి తల గోడకేసి బాదుకోవాలనిపించింది.

తల తిప్పితే భుజాన సంచీ. సంచీ మీద అమ్మవారు. అమ్మవారి కింద నంబరు.

"హలో, నూకాలమ్మ వస్త్రనిలయం," అంది అవతల తాపీగా ఒక గొంతు. "పట్టుచీరల తగ్గింపు నిన్నటితో అయిపోయిందమ్మా."

"చీరలు కాదండీ! నేను భ్రమరాంబ గారి ఆడపడుచుని, జార్జియా నుంచి చేస్తున్నా. వదిన ప్రాణం మీదికొచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉంది, ఎవరో ఒకరు వెళ్లాలండీ!"

"ఏ భ్రమరాంబ గారమ్మా?"

"జగన్నాథపురం. టగ్గుబోటు సోమేశ్వర్రావు గారి భార్య. మీ కొట్లో ఆకుపచ్చ చీరకి మ్యాచింగు జాకెట్టు ముక్క కోసం..."

"ఆఁ ఆఁ! అటకంతా దింపించి, ఆకుపచ్చలో ఇరవై రకాలు చూపించినా ఇది కాదు వీర్రాజు గారూ అనేసి వెళ్లిపోతారు, ఆవిడేనా?"

"ఆవిడే!" కాత్యాయనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఏమే మంగా, స్కూటరెక్కు! అమ్మా, మీరు ఫోను పెట్టకండి. ఇల్లు నాకు తెలుసు, ఒకసారి చీర ఫాల్ కుట్టించి పంపించాం."

కొట్టు యజమాని కొప్పిశెట్టి వీర్రాజు స్కూటరు నడుపుతుంటే, చీరలు చూపించే అమ్మాయి మంగ వెనక కూర్చుని ఫోను పట్టుకుంది. కాత్యాయని చెవిలో కాకినాడ ఎండలో హారన్లు, వంతెన మీద లారీల మోత. చేతిలో ఐదో రొట్టె చల్లారుతోంది. ఆరోది. పొయ్యిలో పిండి ఇంకా పచ్చిగానే ఉంది. రొట్టెలావిడ వంగి పొయ్యిలోకి చూసి, చేతులు నలుపుకుంటోంది.

"వచ్చేశామండీ," అంది మంగ. "తలుపు దగ్గరికి వేసుంది, గొళ్లెం లేదు. అమ్మగారూ! అమ్మగారూ! సార్, కుర్చీలో ఒరిగిపోయారు! ఒళ్లు చల్లగా అయిపోయిందండీ!"

"ఊపిరి ఉందా?" అని అరిచింది కాత్యాయని.

"ఉందండీ. కళ్లు తెరిచారండీ. ఏదో అంటున్నారు."

"మంగా, విను. మెడలో నల్లపూసలున్నాయి చూడు. గొలుసు తీసెయ్. ఇప్పుడే."

మంగ గొంతు సన్నగా వినిపించింది. "నల్లపూసలా? నేనెలా తీస్తానండీ! పుణ్యస్త్రీ మెళ్లోవి! నా కళ్లు పోవూ?"

"నేను చెప్తున్నా కదా, తీసెయ్! తెంపెయ్!"

"చెయ్యి వేస్తే ఆవిడ గట్టిగా పట్టేసుకున్నారండీ. వదలట్లేదు. తియ్యొద్దు, తియ్యొద్దంటున్నారు."

స్పృహ సగం పోయినా వదిన మాటే నెగ్గేటట్టుంది. చేతిలో ఆరో రొట్టె ఐసైపోయింది. ఏడోది ఇంకా పొయ్యి గోడకే ఉంది.

అప్పుడు వీర్రాజు గొంతు వినబడింది, కొట్లో బేరమాడే గొంతు కాదది. "అమ్మా, ఆ గొలుసులో ఉన్నదేదో ఒంటికి తగలకూడదు, అంతేనా?"

"అంతేనండీ!"

"అయితే తియ్యడమెందుకు? మంగా, ఇదిగో. మీ ఫోనొచ్చినప్పుడు ఎవరికో జాకెట్టు ముక్క కొలుస్తున్నానమ్మా, అలాగే చేత్తో పట్టుకొచ్చేశాను. నాలుగు మడతలు పెట్టు. గొలుసు కింద దూర్చు. భ్రమరాంబ గారూ, తియ్యమండీ, తియ్యం. కింద గుడ్డ పెడుతున్నాం, అంతే. నల్లపూసలు ఎక్కడికీ పోవు."

రొట్టెలావిడ ఏడో రొట్టెని లాగి, ఆ వేడికి ఉఫ్ ఉఫ్ అనుకుంటూ తెచ్చి చేతుల్లో పెట్టింది. కాత్యాయని పూసని అందులో దోపి రెండు చేతులా పట్టుకుంది.

రెండు నిమిషాలు గడిచాయి. ఇంకో నిమిషం గడిచింది. రొట్టె కాలుతూనే ఉంది. ఇంకో నిమిషం. వేళ్లు చురుక్కుమంటున్నాయి, అయినా వదల్లేదు. పొగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. రొట్టె చల్లారట్లేదు!

"పెట్టేశానండీ," అంది మంగ. "వీపు రుద్దుతున్నా. పక్కింటి వాళ్లు వేడి పాలు తెస్తున్నారు."

"నాకు తెలుసమ్మా, నాకు తెలుసు," అంటూ కాత్యాయని ఏడ్చింది, నవ్వింది. రొట్టెలావిడని పట్టుకుని ఊపేసింది. ఆవిడ కూడా రొట్టెని తాకి చూసి, వేడిగా ఉందని అర్థమై, ఎందుకో తెలీకుండానే గట్టిగా నవ్వేసింది. ఇద్దరూ ఆ గడప మీదే కూర్చుని, ఆ ఏడో రొట్టెని ఆవకాయ నంజుకుని తినేశారు. కారానికి ఆవిడ కళ్ల నీళ్లు పెట్టుకుంది గానీ, ఆగకుండా సగం రొట్టె లాగించింది. ఆవిడ పేరు ఎతేరి అని కాత్యాయనికి అప్పుడే తెలిసింది.

సాయంత్రం త్బిలిసి చేరి, అందరిలాగే వరసలో నిలబడి సిమ్ము కొనుక్కుని, హోటల్ వాళ్లిచ్చిన పాత ఫోనులో వేసుకుంది. మళ్లీ వీర్రాజు కొట్టుకే చేసి, అన్నయ్య నంబరు అడిగి రాసుకుంది. సోమేశ్వర్రావు ఆసుపత్రిలో ఉన్నాడు. "డాక్టరు గారు ఇంకో గంట అయితే కష్టమయ్యేదన్నారే. ఇప్పుడు పర్లేదు. ఇదిగో, మాట్లాడతానని ఒకటే గొడవ," అని ఫోను భార్యకిచ్చాడు.

"వదినా..." అంది కాత్యాయని.

"ఏడవకే. నీ ప్రయోగం పాడైపోయిందా?"

"నా ప్రయోగం మీద మన్ను పోయ. నువ్వు పంపిన అంకెలన్నీ ముప్పై ఏడు ఎలా వచ్చాయి?"

"టీ గ్లాసుకి ఆనించేదాన్ని," అంది భ్రమరాంబ చిన్నపిల్లలా. "అంకె తగ్గితే నువ్వు ఫెయిలవుతావేమోనని."

కాత్యాయనికి తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టలేకపోయింది.

"నీకో సంగతి చెప్పనా," అంది భ్రమరాంబ. "ఆ పిల్ల రాకముందు ఒళ్లు తెలీట్లేదు. చచ్చిపోతున్నానే అనుకున్నా. అప్పుడు మెడ దగ్గర వెచ్చగా తగిలింది. కాసేపు ఉండేది, పోయేది, మళ్లీ తగిలేది. ఎవరో ఉన్నార్లే అనిపించింది. అందుకే కళ్లు మూసుకోలేదు."

కాత్యాయని కిటికీ పట్టుకుని, ఆ వెచ్చదనం పంపిన రొట్టెల కథంతా వదినకి చెప్పింది.

కాకినాడ తిరిగొచ్చిన మర్నాడే ఆవిడ ధర్మతేజ గారి బల్ల మీద కాగితాలు పెట్టింది. మనిషి ఒంటి వేడితో ఫోన్లు నడిపే పని తాను చెయ్యదు, ఎవరినీ చెయ్యనివ్వదు. నిబంధన రాసింది తానే, చివరి నిమిషంలో నీ ఇష్టమని దాన్ని చెడగొట్టిందీ తానేనని కూడా దాచకుండా రాసింది. పెద్దాయన మొత్తం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఫోన్లు ఎలాగో నడుస్తాయిలెండి. ఆ రొట్టెల సంగతి మళ్లీ చెప్పండి," అన్నారు. ఇప్పుడు ఆ లేబొరేటరీలో పూసల చల్లని వైపు మనుషుల ఒంటి మీద, వేడి వైపు పొయ్యి మీద పెట్టి, మంచులో చిక్కుకున్న వాళ్లకి దూరం నుంచి వెచ్చదనం పంపడం మీద పని సాగుతోంది. కాత్యాయని కుడిచేతి మూడు వేళ్లకి మాత్రం ఆ రోజు దిగిన తిమ్మిరి పూర్తిగా వదల్లేదు.

భ్రమరాంబ ఆ వేళ్లని రోజూ సాయంత్రం తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతుంది. ఒంట్లో నలత తగ్గాక ఆవిడ చేతులు మళ్లీ వెచ్చబడ్డాయి. మెడలో నల్లపూసలు ఎప్పట్లాగే ఉన్నాయి, ఆ ఒక్కటీ తప్ప. ఒంటి మీద ఆకుపచ్చ చీర, దానికి అచ్చంగా సరిపోయిన ఆకుపచ్చ జాకెట్టు.

"మూడేళ్లుగా నేనడుగుతున్న రంగు ఇదేనే! ఎక్కడ దాచాడో మహానుభావుడు, చావుబతుకుల్లో ఉంటే తెచ్చిచ్చాడు," అంది వేళ్లు రుద్దుతూ. "సరే, పాఠం అప్పజెప్పు. మీ అన్నయ్య నంబరు?"

కాత్యాయని కళ్లు మూసుకుని పది అంకెలూ చెప్పింది. వదిన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన నాటి నుంచీ ఇంట్లో ఇదొక చదువైపోయింది.

"నాది?"

చెప్పింది. ఒక అంకె తడబడితే భ్రమరాంబ వేలు నొక్కి మళ్లీ మొదటి నుంచి చెప్పించింది.

"వస్త్రనిలయం?"

"అది మాత్రం నన్ను అడక్కు వదినా," అంది కాత్యాయని. "ఈ జన్మకి మర్చిపోను."